కావలి నుంచి దీవులకు: పడవ, మంచినీళ్ళు, భోజనం

మాది కావలి. రొయ్యల చెరువులకి మేత, మందులు అమ్మే వ్యాపారం. వేసవి సెలవులు రాగానే మా వీధిలో సగంమంది ఫుకెట్ అనో బాలి అనో బయల్దేరతారు. తిరిగొచ్చి చూపించే ఫోటోల్లో సముద్రం కన్నా జనమే ఎక్కువ కనబడతారు. జనాన్నే చూడాలంటే ఆదివారం సాయంత్రం తుమ్మలపెంట బీచ్ చాలు, పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. అందుకే నేను, మా ఆవిడ, కుదిరితే మా బావమరిది వాళ్ళు, పేరు పెద్దగా వినబడని దీవులు వెతుక్కుని పోతుంటాం.

దీవిని ఎంచుకునేటప్పుడు నేను బీచ్ ఆఖర్న చూస్తాను. ముందు చూసేది పడవ: ఎవరు నడుపుతారు, రోజుకి ఎన్నిసార్లు, గాలి లేస్తే ఏం చేస్తారు. తర్వాత మంచినీళ్ళు, ఆ తర్వాత భోజనం. వృత్తి దోషం కొద్దీ చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం ఒకటి నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. మా ఆవిడ దీన్ని చూసి తల కొట్టుకుంటుంది గానీ, ఆ గదికి అంత అద్దె తగునో లేదో అది చెప్పినంత నిజంగా హోటల్ ఫోటోలు చెప్పవు.

అండమాన్‌తో మొదలుపెడతాను. హేవ్‌లాక్ గురించి అందరికీ తెలుసు. 2018 డిసెంబరులో దాని పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. పక్కనున్న నీల్ దీవి, ఇప్పటి షహీద్ ద్వీప్, ప్రశాంతంగా ఉంటుందని చెప్తే వెళ్ళాం. ప్రశాంతమే, కాకపోతే పొద్దున పడవలు రాకముందు, సాయంత్రం అవి వెళ్ళిపోయాక. మధ్యలో భరత్‌పూర్ బీచ్‌లో కాలు పెట్టే సందు ఉండదు. నీల్‌లో నాకు నచ్చింది లోపలి భాగం. స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాల కూరగాయల తోటలు, వాటి మధ్య సన్నటి రోడ్లు. సైకిలు అద్దెకి తీసుకుని తిరగచ్చు. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం కోసి వదిలిన రాతి వంతెన చూడాలంటే నీళ్ళు వెనక్కి తీసిన వేళ వెళ్ళాలి. టైడ్ టైము కనుక్కోకుండా వెళ్ళినవాళ్ళు మెట్లమీంచే చూసి తిరిగొస్తున్నారు.

మేం దిగిన కాటేజీ గురించి చెప్పాలి. బుక్ చేసేటప్పుడు ఏసీ అన్నారు. రాత్రి కరెంటు పోగానే జనరేటరు వేసి, దాని మీద ఫ్యాను మాత్రమే తిరుగుతుందన్నారు. డబ్బు వెనక్కి అడిగితే ఓనరు చాలా మర్యాదగా టీ తెప్పించాడు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. అక్కడ ఏసీకని ఎక్కువ పెట్టకండి. గాలి బాగా వచ్చే మామూలు గది తీసుకుంటే చాలు.

పడవల్లో ప్రైవేటువి చల్లగా, వేగంగా పోతాయి గానీ అద్దాలు బిగించి ఉంటాయి. వాంతులయ్యేవాళ్ళకి అది నరకం. సర్కారు పడవ నిదానం, టికెట్టు చాలా తక్కువ, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. ఏది ఎక్కినా వాతావరణం బాగోకపోతే రద్దవుతుంది. కాబట్టి చెన్నై విమానానికి ముందు రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేట్టు చూసుకోండి. ఈ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు, ఆటోవాళ్ళు ఇంకా పాత పేరే అంటున్నారు. ఉండటానికి బెంగేం లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అక్కడ బోలెడంతమంది.

నిజంగా జనం లేని దీవి కావాలంటే నీల్ వదిలేసి లాంగ్ ఐలాండ్‌కి పోండి. రంగత్ దగ్గర యెరట్టా రేవు నుంచి పడవ. అక్కడి లాలాజీ బే తీరంలో మాకు మనుషుల కన్నా పీతలే ఎక్కువ కనబడ్డాయి. గదులు తక్కువ, సదుపాయాలు ఇంకా తక్కువ. అందుకే అలా ఉంది. ఇక అండమాన్‌లో అసలు చెయ్యి పడని దీవి నార్త్ సెంటినెల్, బయటివాళ్ళని రానివ్వని ఆదివాసులు ఉండేది. అక్కడికి వెళ్ళడం చట్టరీత్యా నేరం. 2018లో దొంగచాటుగా వెళ్ళిన ఒక అమెరికన్ ప్రాణం పోగొట్టుకున్నాడు. వాళ్ళ జోలికి మనం పోకపోవడమే వాళ్ళకి మనం చేసే మేలు.

రెండోది శ్రీలంకలోని డెల్ఫ్ట్, తమిళంలో నెడుందీవు. నేను తిరిగినవాటిలో దీనికే నా మొదటి ఓటు. చెన్నై నుంచి జాఫ్నాకి విమానం 2019లో మొదలై, కోవిడ్‌తో ఆగి, 2022 డిసెంబరులో మళ్ళీ వచ్చింది. సీటులో సర్దుకునేలోపే దిగిపోతాం. మా ఆవిడ పుట్టిల్లు సూళ్ళూరుపేట. ఆమె తమిళం జాఫ్నాలో వీసా కన్నా ఎక్కువ పనికొచ్చింది. అక్కడి తమిళం వేరేగా ఉంటుంది, అయినా వంటింటి దాకా పిలిపించుకుంది.

జాఫ్నా నుంచి కురికట్టువాన్ రేవు దాకా రోడ్డు మీదే దీవుల మీదుగా పోవచ్చు. రెండు పక్కలా లోతులేని ఉప్పునీళ్ళు, మధ్యలో కట్ట. రేవులో నేవీ వాళ్ళు ఉంటారు, లైఫ్ జాకెట్ తొడుక్కోకపోతే ఎక్కనివ్వరు. ఆ రేవు నుంచే నైనాతీవుకీ పడవలు పోతాయి. అక్కడ నాగపూషణి అమ్మవారి గుడి, దానికి కాస్త దూరంలో బౌద్ధుల నాగదీప విహారం ఉన్నాయి. గుడిలోకి మగవాళ్ళు చొక్కా విప్పి వెళ్ళాలి. అది దగ్గర. డెల్ఫ్ట్‌కి మాత్రం గంట ప్రయాణం, సముద్రం మొండిది. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, కోళ్ళ బుట్ట ఎక్కాకే మాలాంటివాళ్ళకి చోటు. ఇంజిను పక్కన ఒక టీచరమ్మ కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పడవ ఊగినప్పుడల్లా పెన్ను పైకెత్తి, అల పోయాక మళ్ళీ టిక్కు పెట్టేది. మా బావమరిది అప్పటికే తల బయటపెట్టి ఉన్నాడు.

దిగాక ఆటో మాట్లాడుకుంటే దీవంతా తిప్పుతారు. ఇళ్ళకీ పొలాలకీ సరిహద్దులు పగడపు రాళ్ళతో పేర్చిన గోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు. ఒక్కో రాయిలో పగడపు పువ్వు గీతలు అచ్చు పడినట్టు కనబడతాయి. డచ్చివాళ్ళ కోట కూలిపోయి ఉంది, అదీ పగడపు రాయే. ఒక బావోబాబ్ చెట్టు ఉంది, అరబ్బు వర్తకులు తెచ్చారంటారు. దాని బోదె తొర్రలో మేం నలుగురం నిలబడ్డాం. అన్నిటికన్నా పేరున్నవి గుర్రాలు. పోర్చుగీసు, డచ్చి కాలాల్లో తెచ్చినవాటి సంతతి అలా అడవి బతుకుకి అలవాటుపడింది. పొట్టిగా, డొక్కలు ఎండి ఉంటాయి. వానలు తప్పిన ఏడు నీళ్ళు దొరక్క చచ్చిపోతాయని ఆటో అతను చెప్పాడు.

నీళ్ళు అక్కడ పెద్ద సమస్యే. మేం ఒక ఇంట్లో గది తీసుకుని రాత్రి ఉన్నాం. బావి నీళ్ళ చుక్క ఒకటి రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి, మూత నొక్కి, ఎండకి పెట్టి చూశాను. గీత సున్నా మీద నిలవకుండా కాస్త పైకి పోయింది. స్నానానికి ఫరవాలేదు గానీ సబ్బు నురగ రాదు. తాగడానికి వేరే బావి నుంచి తెచ్చిన నీళ్ళు కుండలో విడిగా పెట్టారు. ఆ ఇల్లాలు చేసిన పీతల కూర, ఇడియాప్పం, కొబ్బరిపాల చారు గురించి మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది. ముందే ఫోన్ చేసి చెప్తేనే వండుతారు. నేరుగా వెళ్ళి హోటలు వెతుక్కుందామంటే బిస్కెట్లే గతి. దోమతెర ఉంది, ఏసీ లేదు, పరుపు గట్టిది. చిన్న పిల్లలుంటే జాఫ్నాలో గది తీసుకుని పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రండి. పెద్దవాళ్ళయితే రాత్రి ఉండాల్సిందే. ఆఖరి పడవ పోయాక ఆ దీవి పూర్తిగా వేరే ఊరు.

మాల్దీవులు పేరులేని చోటు కాదని మీరు అనచ్చు. రిసార్టుల సంగతి అదే. కానీ 2009 నుంచి మామూలు జనం ఉండే దీవుల్లో కూడా గెస్ట్‌హౌస్‌లకి అనుమతిచ్చారు. అలాంటి వాటిలో తొడ్డూ అనే దీవికి వెళ్ళాం, బెంగుళూరు మీదుగా మాలే, అక్కడి నుంచి స్పీడ్ బోటు. తొడ్డూలో పుచ్చకాయలు, బొప్పాయిలు పండిస్తారు. సముద్రం మధ్యలో, చుట్టూ ఉప్పునీళ్ళు పెట్టుకుని పుచ్చ పండించడం ఎలాగన్నదే నన్ను అక్కడికి లాక్కుపోయింది. సంగతేమిటంటే, పగడపు దీవుల్లో ఇంకిన వాన నీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ పలచటి పొరలా నిలుస్తుంది. పైపైన తోడితే తియ్యగా వస్తుంది. ఆశపడి ఎక్కువ లాగితే కిందనుంచి ఉప్పు పైకొస్తుంది. మన తీరంలో బోర్లు లోతుగా వేసి ఉప్పు లాక్కున్న రైతులకి ఇది వివరించక్కర్లేదు.

రాజధాని మాలేకి ఆ ఆసరా కూడా లేదు, సముద్రపు నీళ్ళు శుద్ధి చేసుకునే తాగాలి. 2014 డిసెంబరులో ఆ ప్లాంటులో మంటలు లేచి ఊరంతా దాహంతో అల్లాడితే మన దేశం విమానాల్లో, నేవీ ఓడల్లో నీళ్ళు పంపింది. ఆ విషయం గెస్ట్‌హౌస్ కుర్రాడే గుర్తుచేశాడు.

సర్వీసు విషయంలో తొడ్డూకి సాటి లేదు. పడవ దిగగానే తోపుడుబండి పట్టుకుని ఆ కుర్రాడే వచ్చాడు. పొద్దున టిఫిను మస్‌హుని: తూనా చేప, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం కలిపి, పక్కన రోషి అనే పలచటి రొట్టె. తింటుంటే మన సొరచేప పుట్టు పొయ్యి ఎక్కకుండా వచ్చినట్టుంది. తీరంలో నీళ్ళు మోకాలు దాటకముందే రంగురంగుల చేపలు కాళ్ళకి తగులుతాయి. ఇబ్బందులూ ఉన్నాయి. ఊళ్ళో మందు నిషేధం, మా బావమరిదికి ఈ కబురు అక్కడ దిగాకే తెలిసింది. ఈత దుస్తులకి వేరే బీచ్ కేటాయించారు, ఊళ్ళో ఒళ్ళు కప్పుకునే తిరగాలి. శుక్రవారం సర్కారు పడవలు నడవవు. బిల్లు చూసి గుండె పట్టుకోకుండా ముందే లెక్క వేసుకోండి: 2025 నుంచి చిన్న గెస్ట్‌హౌస్‌ల్లో మనిషికి రాత్రికి 6 డాలర్ల గ్రీన్ ట్యాక్స్, ఆ ఏడాది జులై నుంచి 17 శాతం జీఎస్టీ, సర్వీసు ఛార్జీ వేరే. ఒక బాధ మాత్రం ఉంది. తాగే నీళ్ళన్నీ ప్లాస్టిక్ సీసాల్లోనే. మేం తిరిగి బయల్దేరేనాటికి గది మూలలో మేమే గుట్ట పోశాం.

ఇంకా దూరం వెళ్ళే ఓపిక, డబ్బు ఉన్నవాళ్ళకి నా దగ్గర విన్న పేర్లే ఉన్నాయి, చూసినవి కావు. ఆస్ట్రేలియా వాళ్ళ లార్డ్ హౌ దీవిలో ఒకేసారి 400 మంది యాత్రికులకి మించి ఉండనివ్వరు. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, నెపోలియన్ చనిపోయిన సెయింట్ హెలీనాకి 2017 దాకా విమానమే లేదు. అదే సముద్రంలోని ట్రిస్టన్ డ కున్హాకి ఇప్పటికీ కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం పడుతుంది. థాయిలాండ్‌లో మాయా బే లాంటి పేరున్న బీచ్‌నే జనం తొక్కిడికి తట్టుకోలేక 2018లో మూసేసి, 2022లో ఇంతమందే అని లెక్కపెట్టి తెరిచారు. ఆ గేటు దగ్గర వంతు కోసం నిలబడటం కన్నా నేను డెల్ఫ్ట్‌కే రెండోసారి పోతాను.

పాస్‌పోర్టు లేనివాళ్ళకి పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది. 2022 దాకా నెల్లూరు జిల్లాలోదే, తర్వాత తిరుపతి జిల్లాకి పోయింది. తడ దగ్గర భీములవారిపాళెం రేవు నుంచి పడవ. చిలకా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే అయినా లోతు సగటున మీటరే. సముద్రపు ముఖద్వారాల్లో ఇసుక మేటవేస్తుండటంతో ఎండాకాలం పడవ అడుగు తగులుతుంది. శీతాకాలం వెళితే నీళ్ళూ ఉంటాయి, రాజహంసలూ ఉంటాయి. మా పడవలో పెళ్ళికి షామియానా కట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కించారు, కుర్చీల మీదే కూర్చుని పోయాం.

"ఎంత బాగుందో, వంతెన పడకపోతే ఇట్నే ఉంటది" అన్నాను పక్కనున్న పెద్దావిడతో.

"మీకేం అబ్బయ్యా, చూసి పోతారు. అర్ధరేత్రి కాన్పొస్తే ఎవురు తీసకపోతారు?" అంది.

నాకు జవాబు దొరకలేదు. నీల్‌లో, డెల్ఫ్ట్‌లో నేను మెచ్చుకున్న ప్రశాంతత అంతా ఎవరో ఒకరు ఇలా భరిస్తున్నదే.

ఇరకంలో లాడ్జీలు, హోటళ్ళు చూసుకోకండి. సూళ్ళూరుపేటలో దిగి, అక్కడే టిఫిను చేసి, మధ్యాహ్నానికి పెరుగన్నం, నీళ్ళు కట్టుకుని బయల్దేరండి. నేలపట్టు పక్షుల కేంద్రం అక్కడికి దగ్గరే, గూడబాతుల కాలం అయితే రెండూ ఒకే రోజు అయిపోతాయి. గొడుగు మరచిపోవద్దు, పడవకి పైకప్పు ఉండదు. తిరిగొచ్చే ఆఖరి పడవ ఎన్నింటికో ఎక్కేటప్పుడే పడవాయన్ని అడిగి, ఆయన ఫోన్ నెంబరు రాసుకోండి.