ఫొటో కూరకి తీసుకో, మనుషులకి వద్దు: గుంటూరు బ్రాడీపేటలో ఒక మెస్ భోజనం

ముందే చెప్తున్నా, ఈ మెస్ పేరు ఇందులో ఉండదు. ఎందుకు లేదో కింద వివరంగా రాశాను, అసలు ఆ సంగతి కోసమే ఈ రివ్యూ రాయాలనిపించింది. కానీ మొదట భోజనం గురించి చెప్పాలి. తిండి బాగోలేని చోట ఎన్ని మంచి పద్ధతులుంటే మాత్రం మనకెందుకు?

బ్రాడీపేటలో మెయిన్ రోడ్డు వదిలి లైన్ల లోపలికి వెళ్తే, పాత డాబా ఇంటి వరండాని ముందు గదితో కలిపేసి నడుపుతున్న మెస్ ఇది. మధ్యాహ్నం భోజనం ఒక్కటే, టిఫిన్లు లేవు, రాత్రి లేదు. నడిపేది భార్యాభర్తలు, సాయానికి ఇద్దరు ఆడవాళ్లు, వడ్డించడానికి ఒక కుర్రాడు. వచ్చేవాళ్లంతా ఆవిణ్ణి పిన్నిగారు అనీ, గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయన్ని బాబాయిగారు అనీ పిలుస్తారు, నాకూ అదే అలవాటైపోయింది.

ఆకు వేసి నీళ్లు చల్లగానే మొదట పడేది పచ్చడి. నేను వెళ్లింది మిర్చి మార్కెట్ యార్డుకి కొత్త మిరప దిగే రోజుల్లో కాబట్టి పండుమిర్చి పచ్చడి వేశారు. మిక్సీలో మెత్తగా తిప్పేసిన ముద్ద కాదు, రోట్లో తొక్కింది, గింజ పంటికింద తగులుతుంది, చింతపండు పులుపు ముందు తెలిసి, ఆ వెనక కారం మెల్లగా ఎక్కుతుంది, వెల్లుల్లి, మెంతిపిండి మాత్రం ఉన్నాయా లేవా అన్నట్టు ఉండి చివర్న వాసనలో బయటపడతాయి. వేడన్నంలో అది కలిపి నెయ్యి వేసుకుంటే మొదటి వాయి అన్నం అక్కడే అయిపోతుంది. తర్వాత ముద్దపప్పు, గోంగూర, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. గోంగూర పుల్లగా ఉంటే చాలనుకునే హోటళ్లు చాలా ఉన్నాయి, ఇక్కడ నూనెలో ఓపిగ్గా మగ్గించారని తెలుస్తుంది, ఆకు పసరు వాసన ఎక్కడా లేదు. కందిపొడిలో కారం గురించి అడిగితే పిన్నిగారు మిరప రకాల పేర్లు చెప్తూ ఒక్క ముక్కలో తేల్చారు: "తేజ అయితే మంట, బ్యాడిగి అయితే రంగు, మాకు రుచి కావాలమ్మా, అందుకే 334 కొనుక్కుని ఇక్కడే ఎండబెట్టి పట్టిస్తాం." మిరపకాయల ఊళ్లో ఉంటూ కూడా ప్యాకెట్ కారంతో సరిపెట్టే చోట్లు ఎన్నో చూశాక ఈ మాట వినడం నాకు ఎంత సంతోషమైందో.

బాగోలేనివి కూడా చెప్పాలి. చారు పలచన, మిరియం ఘాటు లేదు, ఉప్పు తగ్గింది. బెండకాయ వేపుడు నాకు వచ్చేసరికి చల్లారి మెత్తబడిపోయింది. ఒంటిగంటన్నర దాటాక వెళ్తే కూర రెండోసారి అడిగితే లేదంటారు. పెరుగు మాత్రం గడ్డ పెరుగు, రెండోసారి అడిగినా మొహం చిట్లించకుండా వేస్తారు. భోజనం 120 రూపాయలు, ఆ డబ్బుకి ఇది ఎక్కువే పెట్టినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. చెయ్యి కడుక్కునే సింకు పైన గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసిన అట్టముక్క ఒకటి ఉంది: "ఫొటోలు ఆకుకి తీసుకోవచ్చు. మనుషులకి తీయరాదు. వీడియోలు తీయరాదు." నేను తిన్న చోటల్లా ఫొటోలు తీసి నాలుగు ముక్కలు రాసి పెట్టేదాన్ని. అది చూడగానే ఒళ్లు మండింది. డబ్బు పెట్టి తింటున్నాను, నాకు నచ్చింది తీసుకుంటాను, మధ్యలో వీళ్ల రూలేంటి? బాబాయిగారిని అడిగేశాను కూడా. ఆయన కోప్పడలేదు. బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టి చెప్పారు.

వాళ్ల దగ్గర రోజూ భోంచేసే ఒక పెద్దాయన ఉండేవారట, రిటైరైన మాస్టారు, మూల టేబులు ఆయనది. ఒకరోజు ఒక కుర్రాడు వచ్చి వంటకాల వీడియో అని చెప్పి హాలంతా తీసుకుంటూ పోయాడు. రెండ్రోజుల తర్వాత చూస్తే అందులో మాస్టారు తింటున్న ముక్కని విడిగా తీసి, ఏడుపు పాట పెట్టి, కన్నబిడ్డలు వదిలేసిన తండ్రి అని రాసి వదిలాడు. మాస్టారికి కొడుకు, కోడలు అందరూ ఉన్నారు, పైగా ఊళ్లోనే ఉన్నారు, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు కాబట్టి మధ్యాహ్నం ఇక్కడ తినడం ఆయనకి సులువు, అంతే. చుట్టాలు కొడుక్కి ఫోన్లు చేసి నానా మాటలూ అన్నారట. మాస్టారు మళ్లీ రాలేదు. "ఆయనకి ఇక్కడ కూర్చుని తినే స్వేచ్ఛ పోయిందమ్మా, ఆ కుర్రాడికేం పోయింది?" అన్నారు బాబాయిగారు. కోచింగులకి వచ్చి హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు కూడా ఇక్కడ చాలామంది తింటారు, వాళ్లలో ఎవరి మొహం ఎక్కడ తేలుతుందో అన్న టెన్షన్ పిన్నిగారిది.

నాకు ఆ తర్వాత వాదించాలనిపించలేదు. చాలామంది రాసే వాళ్లం స్వేచ్ఛ అనగానే మన స్వేచ్ఛ ఒక్కటే లెక్కేసుకుంటాం. ఫ్రేములో పడిన మనిషికి కూడా ఒకటి ఉంటుంది, ఆ మనిషి మన రివ్యూలో పాత్ర అవుతానని ఒప్పుకుని రాలేదు, అన్నం తినడానికి వచ్చాడు. అదీగాక ఇది వాళ్ల ఇల్లు, వాళ్ల హోటలు, లోపల కెమెరా వాడకం మీద షరతు పెట్టుకునే హక్కు వాళ్లకుంది. నచ్చకపోతే తినకుండా వచ్చేయొచ్చు. నేను పచ్చడి ఫొటో, ఆకు ఫొటో తీసుకున్నాను, ఆ రెంటితో నా పని అయిపోయింది. వీడియో లేకపోతే రుచి చెప్పలేమా?

అలాగని ప్రతి రూలుకీ తలూపమని కాదు. ఈ మధ్యే విజయవాడలో ఒక పెద్ద రెస్టారెంటు వాళ్లు నాకు మెసేజ్ పెట్టారు. కుటుంబంతో సహా భోజనానికి పిలిచారు, బిల్లు వాళ్లదే. కింద షరతులు: పోస్టు పెట్టేముందు వాళ్లకి చూపించాలి, నెగెటివ్‌గా ఒక్క వాక్యం ఉండకూడదు, ఫ్రీ భోజనం అన్న సంగతి రాయకూడదు. నేను వెళ్లలేదు. అక్కడ బిర్యానీ అద్భుతంగా ఉండొచ్చు, ఆ సంగతి నేను చెప్పగలిగే అవకాశాన్నే వాళ్లు తీసేశారు.

రెండూ రూల్సే, రెండూ నా చేతిని ఆపేవే. కానీ బ్రాడీపేట మెస్ నా కెమెరాని ఆపింది, నా నోటిని ఆపలేదు. చారు బాగోలేదని పిన్నిగారి ముందే అన్నాను, "ఇవాళ మిరియాలు తక్కువ పడ్డాయి, రాస్తే రాయమ్మా" అన్నారు. విజయవాడ వాళ్లు కెమెరాకి తలుపులు బార్లా తీసి, నోటికి తాళం వేశారు. నా దృష్టిలో చూపించడానికి హద్దు పెట్టొచ్చు, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి హద్దు పెట్టకూడదు. ఈ తేడా పట్టించుకోకుండా రూల్స్ అంటే పడదనో, రూలంటే రూలే అనో అంటే నేను ఒప్పుకోను.

పైగా ఫ్రీ భోజనం దాచిపెట్టమనడం తప్పుడు సలహా, అది చట్టానికి కూడా ఎదురే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఇచ్చిన సూచనల్లో డబ్బే కాదు, ఉచిత వస్తువులు, డిస్కౌంట్లు, హోటల్ బసలు ఏం అందుకున్నా ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా కనపడేలా చెప్పాలని ఉంది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఈ రూలుని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇది రాసేవాళ్ల నోరు నొక్కదు, చదివేవాళ్లకి తెలియాల్సింది తెలిసేలా చేస్తుంది. ఈ మెస్‌లో నేను డబ్బు కట్టి తిన్నాను, అదీ చెప్పేస్తున్నా.

మాట్లాడే స్వేచ్ఛ విషయంలో మన ప్రాంతం వాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఒకటుంది. ఆన్‌లైన్లో ఎవరికో చిరాకు తెప్పించే మాట రాసినా అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం సెక్షన్ 66ఎ ఉండేది. 2012లో మహారాష్ట్రలో ఇద్దరమ్మాయిలు ఫేస్‌బుక్ పోస్టు విషయంలో అరెస్టయ్యారు, ఒకరు బంద్ గురించి రాశారు, ఇంకొకరు దానికి లైక్ కొట్టారు. ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఆ ఇద్దరు జడ్జీల బెంచిలో ఒకరు జస్టిస్ చలమేశ్వర్, మన కృష్ణా జిల్లావారు, తీర్పు రాసింది జస్టిస్ నారిమన్. రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన స్వేచ్ఛకి 19(2)లో చెప్పిన కారణాల మేరకే హద్దు పెట్టాలి, చిరాకు కలిగింది అన్నది అందులో లేదు. అంటే నా రివ్యూ చదివి హోటలాయనకి చిరాకొస్తే అది నేరం కాదు. కానీ పరువునష్టం ఆ కారణాల్లో ఉంది. అందుకే మాట తూచి రాయాలి. కూర చప్పగా ఉంది అన్నది నా నాలుక సంగతి, ఎవరూ కాదనలేరు. నూనె కల్తీ అన్నది ఆరోపణ, దానికి ఆధారం కావాలి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 సెక్షన్ 40 ప్రకారం కొన్నవాళ్లు ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు, పరీక్షకి ఇస్తున్నామని కొనేటప్పుడే అమ్మేవాళ్లకి చెప్పాలి. అంత ఓపిక లేనివాళ్లు కల్తీ అనే మాట జోలికి వెళ్లొద్దు, రెండు వాక్యాల ఆవేశానికి ఒక కుటుంబం రోడ్డున పడుతుంది.

ఇక పేరు. ఆ మాస్టారి వీడియో తర్వాత జనం ఎగబడ్డారట, బైకులు లైనంతా నింపేశారు, పక్కింటివాళ్లతో గొడవలు, రోజూ వచ్చేవాళ్లు అన్నం లేక వెనక్కి పోయారు. రెండు పొయ్యిల మీద వండే వంటకి ఒక కొలత ఉంటుంది. నేను లేచి వచ్చేస్తుంటే పిన్నిగారు "పేరూ, లైన్ నంబరూ వేయకమ్మా, నీ ఇష్టం అనుకో" అన్నారు. ఇది గోడ మీది రూలు కాదు, అడిగారు, అంతే. పేరు రాసే హక్కు నాకు పూర్తిగా ఉంది, జనానికి తలుపులు తెరిచిన హోటలు గురించి ఎవరైనా రాయొచ్చు. నీ ఇష్టం అన్నారు కాబట్టే నేను ఆ హక్కు వాడుకోవడం లేదు. రాయొద్దని బెదిరించి ఉంటే పేరుతో, లైన్ నంబరుతో సహా రాసేదాన్ని. మీలో కొంతమందికి ఇది పనికిరాని రివ్యూ అనిపించొచ్చు, అర్థం చేసుకుంటాను. బ్రాడీపేటలో పనిచేసేవాళ్లనో, చదువుకునేవాళ్లనో రోట్లో తొక్కిన పచ్చడి వేసే మెస్ ఏదని అడగండి, దారి చూపిస్తారు. అలా కాళ్లతో వెతుక్కుని వచ్చేవాళ్లకి సరిపడా అన్నం వాళ్ల దగ్గర ఉంటుంది.

వాళ్లకి నాదొక గట్టి ఫిర్యాదు. ఆ అట్టముక్క సింకు పైన ఉంటే తిన్నాక గానీ కనపడదు. రూలు పెట్టినప్పుడు ఆకు వేయకముందే తెలియాలి, అప్పుడే నచ్చనివాళ్లు తినకుండా వెళ్లగలరు. తిన్నాక చూపించి ఫోన్ లోపల పెట్టమంటే గొడవలవుతాయి, నేను ఉండగానే ఒకాయనతో అయింది కూడా. గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో పెట్టమని చెప్పాను, బాబాయిగారు సరేనన్నారు. వీడియోలు పూర్తిగా వద్దనడం కూడా నాకు కొంచెం ఎక్కువే అనిపించింది, మనుషులు పడకుండా వడ్డన ఒక్కటి తీసుకోనిస్తే నష్టం లేదు. ఆ మాటా చెప్పాను, దానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఆదివారం సెలవు. పన్నెండుంపావుకి మొదలు, ఒంటిగంట లోపు వెళ్తే కూరలన్నీ దొరుకుతాయి. ఫోన్‌పే తీసుకుంటారు. పార్సిల్ కావాలంటే గిన్నె మీరే తెచ్చుకోవాలి, కవర్లలో కట్టరు. మెట్లు ఎత్తుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి.