ఆలివర్ నెల్సన్ ఎల్పీ: కూర్పు కోసం కొనవలసిన రికార్డు

హైదరాబాదులో శాక్సోఫోన్ అనగానే చాలామందికి పెళ్ళి ఊరేగింపు బ్యాండు గుర్తుకు వస్తుంది. కచేరీలకు వెళ్ళేవారికైతే కద్రి గోపాల్‌నాథ్ స్ఫురిస్తారు. ఈ రెండు బాణీలకూ దూరంగా ఆ వాద్యం ఎలా పలుకుతుందో తెలుసుకోవాలనుకునేవారు అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు, స్వరకర్త ఆలివర్ నెల్సన్ 1961లో వెలువరించిన ‘ది బ్లూస్ అండ్ ది ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్’ వినాలి. సికింద్రాబాదులోని ఒక దుకాణంలో నేను కొన్నది దాని కొత్త ముద్రణ ఎల్పీ (వినైల్ రికార్డు).

1932లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన నెల్సన్, మెరైన్ దళంలో పనిచేసి వచ్చాక విశ్వవిద్యాలయంలో సంగీత రచన అభ్యసించారు. ఆ చదువు ఇందులో స్పష్టంగా వినిపిస్తుంది. ‘కాస్కేడ్స్’ అసలు విద్యార్థిగా ఉన్నప్పుడు శాక్సోఫోన్ సాధనకు ఆయన రాసుకున్న పాఠమే.

రికార్డుకు ప్రాణం మాత్రం మొదటి అంశమైన ‘స్టోలెన్ మొమెంట్స్’. పల్లవి 16 బార్లు (బారంటే ఒక తాళావర్తనం లాంటిది); ఆ తరువాత ఒక్కొక్కరు వాయించే మనోధర్మమంతా 12 బార్ల మైనర్ బ్లూస్ (మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చే, విషాద ఛాయగల స్వర చట్రం) మీద నడుస్తుంది. ఊదే వాద్యాలు నాలుగే అయినా పల్లవిలో పెద్ద బృందం కూర్చున్నట్టు వినిపించడానికి ప్రధాన కారణం జార్జ్ బారో వాయించిన మంద్రస్థాయి బారిటోన్ శాక్సోఫోన్. రికార్డు మొత్తంలో ఆయనకు సోలో (ఒంటరి వాదన) ఒక్కటీ లేదు, కానీ అడుగున ఆయన పట్టి ఉంచిన స్వరం లేకపోతే పైనున్న అల్లిక పలచబడిపోతుంది. ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్, ఎరిక్ డాల్ఫీ ఫ్లూటు ముగిశాక నెల్సన్ టెనర్ శాక్సోఫోన్ అందుకుంటారు. ఆయన పరుగులు పెట్టరు. చిన్న స్వరగుచ్ఛాన్ని తీసుకుని దాన్నే మెట్టు మెట్టుగా జరుపుతూ పోతారు. డాల్ఫీ దూకుడు తరువాత ఇది చప్పగా ఉందనేవారు ఉండవచ్చు. నాకు మాత్రం అరేంజర్ (వాద్యాలకు కూర్పు చేసేవారి) బుద్ధి సోలోలో సైతం పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. వెంటనే వచ్చే బిల్ ఎవాన్స్ పియానో ఆ నిదానాన్ని చెడగొట్టదు.

రెండో వైపు కొంత తేలిక. ‘టీనీస్ బ్లూస్’లో నెల్సన్, డాల్ఫీ ఇద్దరూ ఆల్టోలే (టెనర్ కన్నా పై స్థాయిలో పలికే శాక్సోఫోన్లు) పట్టుకుంటారు గనుక ఎవరి గొంతు ఏదో గుర్తుపట్టడం మంచి వ్యాయామం.

ఆ తరువాత నెల్సన్ ఆర్గన్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్, గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ వంటివారి రికార్డులకు కూర్పులు చేశారు. 1967లో లాస్ ఏంజెలెస్ చేరి టెలివిజన్ ధారావాహికలకు సంగీతం రాస్తూ, 1975లో గుండెపోటుతో 43 ఏళ్ళకే మరణించారు. ఆ పని ఆయన శాక్సోఫోన్‌కు దక్కవలసిన సమయాన్ని మింగేసిందన్నది నా అభిప్రాయం.

ముద్రణ విషయానికి వస్తే, డ్రమ్మర్ రాయ్ హేన్స్ కంచు తాళాల మోగింపు, పాల్ చాంబర్స్ బాస్ దేనికది విడిగా వినిపిస్తాయి. అయితే నాకు మొదట ఇచ్చిన ప్రతి అంచు వంగి ఉండటంతో సూది ఎగిరిపడింది. సీలు తీశాక మార్చబోమన్న దుకాణదారు, టర్న్‌టేబుల్ మీద తిప్పి చూపాక గాని వేరేది ఇవ్వలేదు. కొనేవారు కౌంటరు దగ్గరే సీలు తీయించి, రికార్డును కంటికి అడ్డంగా పట్టుకుని అంచు చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.