‘తగ్గించు’కి ఇంగ్లిష్‌లో ఎన్ని మాటలు? అంకీడ్రాయిడ్ యాప్‌పై సమీక్ష

శ్రీకాకుళం, విజయనగరాల్లో బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్షలకి చదివేవాళ్ళ నోట్‌బుక్ తెరిస్తే తరచూ కనిపించే పద్ధతి ఒకటే. ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, మధ్యలో గీత, కుడి పక్క తెలుగు అర్థం. రోజుకి ముప్ఫై, నలభై రాస్తారు. పది రోజులు తిరిగేసరికి చాలా మాటలు జారిపోతాయి. నిలిచినవాటిని కూడా వాక్యంలో పెట్టమంటే పెన్ను ఆగిపోతుంది. ఈ రెండు ఇబ్బందుల్లో మొదటిదాన్ని అంకీడ్రాయిడ్ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ బాగా సరిచేస్తుంది: ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు ఉన్న కార్డుని మర్చిపోయేలోపు మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. రెండోది కార్డు మీరెలా రాస్తారన్నదాని మీద ఉంది. యాప్ దింపుకుని వారంలో మానేసేవాళ్ళు తడబడేది అక్కడే.

ముందు వివరాలు. అంకీ 2006 నుంచి ఉన్న ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్. జపాన్ భాషలో ఆ మాటకి కంఠస్థం చెయ్యడం అని అర్థం. ఆండ్రాయిడ్ ఫోన్లకి వచ్చే రూపం అంకీడ్రాయిడ్: ఉచితం, ప్రకటనలు ఉండవు, కార్డులు ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. ఆమదాలవలసలో రైలెక్కి విశాఖలో దిగేలోపు ఆ రోజు పని అయిపోతుంది. కంప్యూటర్ రూపం కూడా ఉచితమే. ఐఫోన్ యాప్‌కి మాత్రం 24.99 డాలర్లు ఒక్కసారి కట్టాలి. వద్దనుకుంటే బ్రౌజర్‌లో అంకీవెబ్ వాడుకోవచ్చు. అంకీ పేరు తగిలించుకుని నెలనెలా డబ్బులడిగే వేరే యాప్‌లు కూడా ఉన్నాయి. ప్లే స్టోర్‌లో ‘అంకీడ్రాయిడ్ ఫ్లాష్‌కార్డ్స్’ అన్న పేరు చూసుకుని దింపుకోండి.

ఇక కార్డు. మిటిగేట్, అలీవియేట్, అలే, అబేట్, కర్టెయిల్, అస్వేజ్. ఈ ఆరింటికీ నోట్‌బుక్‌లో ఒకటే అర్థం ఉంటుంది: తగ్గించు, లేదా తగ్గు. కార్డు వెనక కూడా అదే రాస్తే ఆరూ కలగాపులగం అవుతాయి, పరీక్షలో నాలుగు ఆప్షన్లూ సరైనవిగానే కనిపిస్తాయి. తేడా ఉన్నది అర్థంలో కాదు, ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందన్నదాంట్లో. మిటిగేట్ చేసేది నష్టాన్ని, ప్రమాదాన్ని, ప్రభావాన్ని. అలీవియేట్ చేసేది నొప్పిని, బాధని, పేదరికాన్ని. అలే చేసేది భయాన్ని, అనుమానాన్ని. కర్టెయిల్ చేసేది ఖర్చుని, అధికారాన్ని, స్వేచ్ఛని. అస్వేజ్ ఆకలికీ అపరాధభావానికీ కుదురుతుంది. అబేట్ మాత్రం ఎక్కువగా తనంతట తాను జరిగేది: గాలివాన అబేట్ అవుతుంది.

కాబట్టి ముందు మాట, వెనక అర్థం ఉండే ‘బేసిక్’ రకం కార్డు వదిలేసి ‘క్లోజ్’ రకం ఎంచుకోండి. వాక్యం మొత్తం రాసి, నేర్చుకోవలసిన మాటని సెలెక్ట్ చేసి, టూల్‌బార్‌లో క్లోజ్ బటన్ నొక్కితే ఆ చోట ఖాళీ వస్తుంది. వాక్యం మీ ఊరిదైతే మరీ మంచిది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని ఉద్దానంలో ఎవరూ మరిచిపోలేదు. దాన్నే వాడుకోండి. “దే షిఫ్టెడ్ ది విలేజర్స్ టు (ఖాళీ) ది ఇంపాక్ట్ ఆఫ్ ది సైక్లోన్”: ఇది మిటిగేట్. “ది విండ్స్ (ఖాళీ) బై నూన్”: ఇది అబేటెడ్. ఒక వాక్యంలో ఒకే ఖాళీ ఉండాలి. వేరే మాట కూడా పట్టేలా ఉంటే సూచనగా మొదటి అక్షరం ఇవ్వండి. తెలుగు అర్థం వెనక వైపు చిన్నగా ఉంటే చాలు. దగ్గరి అర్థాల మాటల్ని ఒకే రోజు ఎక్కించొద్దు; ఒకటి కుదురుకున్నాక రెండు వారాలు ఆగి ఇంకోటి వేస్తే ఒకదానికొకటి అడ్డం పడవు.

ఉచ్చారణ కూడా వెనక వైపే, మన లిపిలోనే రాసుకోండి. ఎపిటమీ (ఎపిటోమ్ కాదు), సటల్ (సబ్టిల్ కాదు), ఇండైట్ (ఇండిక్ట్ కాదు), హైపర్బలీ (హైపర్‌బోల్ కాదు). ఇలాంటివి పట్టుకోవడానికి తెలుగు అక్షరాలు చక్కగా పనికొస్తాయి. అయితే చొక్కా లోపల వేసుకునే వెస్ట్‌కీ, పడమర దిక్కు వెస్ట్‌కీ మన రాతలో తేడా రాదు. ఊనిక ఏ అక్షరం మీద పడుతుందో కూడా తెలీదు. దానికి ఫోన్ చేత చదివించుకునే టెక్స్ట్ టు స్పీచ్ సదుపాయం ఉంది, పెట్టుకోండి.

జవాబు చూశాక ఎంత గుర్తొచ్చిందో చెప్పడానికి నాలుగు బటన్లుంటాయి; దాన్ని బట్టి యాప్ ఆ కార్డుని మళ్ళీ ఎప్పుడు చూపాలో లెక్కేస్తుంది. మర్చిపోయిన కార్డుకి ‘హార్డ్’ నొక్కడం అందరూ చేసే తప్పు. హార్డ్ అంటే కష్టపడ్డాను గానీ గుర్తొచ్చింది అని. గుర్తు రాకపోతే ‘అగైన్’ ఒక్కటే నొక్కాలి. హార్డ్ నొక్కితే మీకు వచ్చనుకుని యాప్ ఆ మాటని రోజుల తరబడి వెనక్కి నెట్టేస్తుంది, పరీక్ష నాటికి అది ఉండదు. గుర్తొస్తే ‘గుడ్’. యాప్‌లో ముందే పెట్టి ఉన్న లెక్క ప్రకారం కొత్త కార్డుకి గుడ్ నొక్కితే పది నిమిషాలకి మళ్ళీ వస్తుంది, అప్పుడూ గుడ్ అయితే మర్నాటికి వెళ్తుంది. ‘ఈజీ’ నొక్కితే నేరుగా నాలుగు రోజులు దాటేస్తుంది. యాప్‌కి కొత్త రోజు మొదలయ్యేది తెల్లవారుజాము నాలుగింటికి. మూడున్నరకే లేచి చదివేవాళ్ళకి నిన్నటి కార్డులే కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు.

రోజుకి కొత్త కార్డులు 20 అని ముందే పెట్టి ఉంటుంది. కాలేజీ, కోచింగ్ రెండూ ఉన్నవాళ్ళకి అది ఎక్కువ. పది కొత్తవి వేసుకుంటే కొన్ని వారాలకి పాతవాటితో కలిపి రోజుకి 70 నుంచి 100 దాకా వస్తాయి. ఐదుతో మొదలుపెట్టండి. సిరిమానోత్సవానికి ఊరెళ్ళి నాలుగు రోజులు ఆపితే కుప్ప పడుతుంది. అప్పుడు కొత్తవాటిని సున్నాకి దించి, పాతవి వారంలో తీర్చెయ్యాలి. కుప్ప చూసి యాప్ తీసేస్తే అన్నాళ్ళ శ్రమా పోయినట్టే. సెట్టింగుల్లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ (కార్డు మళ్ళీ ఎప్పుడు చూపాలో లెక్కేసే కొత్త పద్ధతి; ఇది ఆన్ అయితే పైన చెప్పిన రోజులు మారొచ్చు) ఆన్ చేసి, గుర్తుండే శాతం 90 దగ్గరే ఉంచండి. 95కి పెంచితే పని బాగా పెరుగుతుంది, లాభం కొంచెమే.

ఎనిమిది సార్లు మర్చిపోయిన కార్డుకి యాప్ ‘లీచ్’ అని ముద్ర వేస్తుంది. లీచ్ అంటే జలగ, టైమంతా అదే పీల్చేస్తుంది. తప్పు మీ జ్ఞాపకానిది కాదు, చాలాసార్లు వాక్యానిది. ఆ కార్డు తీసేసి వేరే వాక్యంతో కొత్తగా రాయండి.

ఏ మాటలు ఎక్కించాలి? యాప్‌లో తయారుగా దొరికే వేల పదాల డెక్కులు (కార్డుల కట్టలు) చాలామంది దింపుతారు. వాటిని మేం సిఫారసు చెయ్యం; ఎక్కువ భాగం మాట–అర్థం రకమే. చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే ఇంగ్లిష్ మాటలతో భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ జాబితాలో 570 పదకుటుంబాలున్నాయి (ఒక మాట, దాన్నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం). రోజుకి ఐదు చొప్పున నాలుగు నెల్ల లోపే అవుతాయి. ఆ తర్వాత జిల్లా గ్రంథాలయంలో ఇంగ్లిష్ పేపరు సంపాదకీయం చదివి, రెండోసారి ఎదురైన మాటనే కార్డు చెయ్యండి. పత్రికలు, నవలలు నిఘంటువు లేకుండా సాగాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కకట్టారు. అంత మొత్తం కార్డులతో రాదు, చదువుతూ ఉంటేనే వస్తుంది.

లోపాలున్నాయి. మొదటి రెండు రోజులు మెనూలు అయోమయంగా ఉంటాయి. క్లోజ్ కార్డు రాయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, మాట్లాడే అభ్యాసం ఇందులో అస్సలు లేదు. అయినా ఉచితంగా దొరికేవాటిలో దీన్ని మించింది మాకు కనిపించలేదు.

దింపుకోగానే అంకీవెబ్‌లో ఉచిత ఖాతా తెరిచి సింక్ చెయ్యండి. ప్లే స్టోర్ నుంచి దింపిన యాప్‌ని కొత్త ఫోన్లలో తీసేస్తే కార్డులు కూడా దాంతోపాటే చెరిగిపోతాయి. ఫోన్ రిపేరుకి ఇచ్చే ముందు కూడా ఒకసారి సింక్ నొక్కండి.