మా గ్రంథాలయంలో వీడియో స్ట్రీమింగ్: రెండు సెమిస్టర్ల అనుభవం

తార్నాక సమీపంలోని ఒక విద్యాసంస్థలో సమాజశాస్త్రం బోధిస్తున్నాను. మా గ్రంథాలయం నిరుడు చందా కట్టిన డాక్యుమెంటరీల స్ట్రీమింగ్ సేవను రెండు సెమిస్టర్లు పాఠాలకు వాడాను కనుక, దాని మంచిచెడ్డలు తోటి అధ్యాపకులకు చెప్పాలనిపించింది.

ఘట్‌కేసర్ నుంచి రోజూ వచ్చిపోయే విద్యార్థులు కూడా సంస్థ ఇచ్చిన లాగిన్‌తో ఇంటి దగ్గరే చూడగలగడం ఎంత ఆసరాయో, ఒకే డీవీడీ కోసం తరగతంతా వేచి ఉన్న రోజులు ఎరిగినవారికి తెలుస్తుంది. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది వీడియో పక్కనే కదిలే ట్రాన్‌స్క్రిప్ట్. అందులో ఒక మాట వెతికి, అది పలికిన చోటికే వెళ్లవచ్చు. గంటన్నర చిత్రంలో కావలసిన 6 నిమిషాలను క్లిప్‌గా చేసి విద్యార్థులకు లింకు పంపవచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు వ్యాఖ్యానం చెవికి అందకపోయినా సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదువుకుని, మరునాడు మంచి ప్రశ్నలతో వచ్చారు. తరగతిలో ప్రదర్శించే హక్కు మా చందాలోనే ఉంది. సొంత నెట్‌ఫ్లిక్స్ ఖాతా వ్యక్తిగత వినియోగానికి ఇచ్చినదని మనలో చాలామంది గమనించరు.

లోపమూ చిన్నది కాదు. నవంబరులో ఒక చిత్రం మీద అసైన్‌మెంట్ ఇస్తే, గడువుకు నాలుగు రోజుల ముందు దాని లైసెన్స్ ముగిసి కేటలాగ్‌లో కనబడకుండా పోయింది. ముందుగా ఎవరూ తెలియజేయలేదు. కొన్న డీవీడీ గ్రంథాలయానిదే, స్ట్రీమింగ్ మాత్రం అద్దె అని లైబ్రేరియన్ ఓపికగా వివరించారు. కొన్ని సేవలకు మొత్తం సంకలనం మీద ఏడాది చందా ఉంటే, మరికొన్నిటిలో చూసినకొద్దీ రుసుము పెరుగుతుందట. ఆ ఖర్చు మోయలేకే న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2019లో కానోపీ అనే సినిమాల స్ట్రీమింగ్ సేవను విరమించుకుంది.

తెలుగు చిత్రాలు మా సంకలనంలో ఒక్కటీ లేవు. పోచంపల్లి నేతపని గురించి చూపించాలంటే నేను బయటే వెతుక్కోవలసి వచ్చింది. ఐఐటీలు, ఐఐఎస్‌సీ 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలోని వీడియో పాఠాలు ఉచితమే. కానీ ఉపన్యాసం డాక్యుమెంటరీ చేసే పని చేయదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. చందా పొడిగించే ముందు, ప్రతి చిత్రం పక్కన లైసెన్స్ ముగిసే తేదీ చూపాలనీ, సిలబస్‌లోని చిత్రాలకు కనీసం మూడేళ్ల లైసెన్స్ విడిగా అడగాలనీ గ్రంథాలయ కమిటీకి రాతపూర్వకంగా కోరాను.