మే నెలకు జూలై ఫోటో అమ్మారు: కెనడా సరస్సుల ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక

బెంగళూరులో పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. కెనడా రాకీ పర్వతాల్లో సరస్సులు కరిగేది దాదాపు జూన్‌లో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఉంటే మాకు 4,20,000 రూపాయలు మిగిలేవి.

2025 ఉగాదికి మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంటులో, పచ్చడి పంచుతున్న బల్ల పక్కనే ఒక ట్రావెల్ ఏజెంటు స్టాలు పెట్టాడు. చక్కని తెలుగు, ఎంతో మర్యాద. "మనవాళ్లకు మాత్రమే ఈ ధర సార్" అన్నాడు. బ్రోచరు మీద నీలిమందు కలిపినట్టున్న సరస్సు, ఒడ్డున ఎర్ర పడవ. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ పట్టణం దాకా సుమారు 230 కిలోమీటర్ల ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అనే కొండదారి మీద అద్దె కారు మనమే నడుపుకుంటూ, నలుగురికి ఏడు రాత్రులు. విమాన టికెట్లు వేరు. టొరంటోలో మా బావమరిది గృహప్రవేశానికి తీసుకున్న వీసాలకు ఇంకా గడువుంది కాబట్టి వారంలోనే డబ్బు కట్టేశాం. (ఆ బావమరిదిని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. ఆ సంగతి అతను ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా గుర్తు చేస్తున్నాడు.)

మే రెండో వారంలో లేక్ లూయీస్ చేరాం. ఎదురుగా తెల్లటి మైదానం. "సరస్సు ఎక్కడ నాన్నా?" అంది మా చిన్నది. అదే సరస్సు, గడ్డకట్టి ఉంది. బో లేక్ అంతే. పేటో లేక్ చూడటానికి మంచులో కాళ్లు కూరుకుపోతూ పైకెక్కితే అక్కడా అంతే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్లయింది.

ఆ నీలిరంగు ఎలా వస్తుందో తర్వాత తెలుసుకున్నాను. హిమానీనదాలు కదులుతూ కింది రాతిని పిండిలా నూరుతాయి. ఎండలకు మంచు కరిగినప్పుడు ఆ రాతిపిండి నీటితో పాటు సరస్సులోకి వచ్చి, అడుగుకు చేరకుండా తేలుతూ ఉంటుంది. దాని మీద వెలుగు పడితే ఆ రంగు. అంటే పైన గడ్డ కరిగితే చాలదు, ఆ నీరు కొన్నాళ్లు పారాలి. బ్రోచరులోని రంగు జూలై, ఆగస్టు నెలలది. ఈ సంగతి అమ్మేవాడికి తెలియదంటే నేను నమ్మను.

మొరైన్ లేక్ సంగతి ఇంకా ఘోరం. "తెల్లవారుజామున మీ కారులోనే వెళ్లి సూర్యోదయం చూడవచ్చు" అని ప్రయాణ కార్యక్రమంలో రాసిచ్చారు. ఆ రోడ్డు తెరిచి ఉండేది సుమారు జూన్ మొదలు నుంచి అక్టోబరు మధ్య వరకే. పైగా 2023 నుంచి ఆ రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వడం లేదు, ముందుగా సీటు తీసుకుని షటిల్ బస్సులో వెళ్లాలి. అంటే మాకు అమ్మిన సూర్యోదయం ఏ నెలలోనూ లేదు.

బిల్లులో "జాతీయ ఉద్యానవన ప్రవేశం, నలుగురికి" అని ఉంది. కెనడా జాతీయ ఉద్యానవనాల్లో 17 ఏళ్లు, అంతకు లోపు వారికి 2018 నుంచి ప్రవేశం ఉచితం. మా పిల్లలకు పన్నెండు, ఎనిమిది. ఇక పెద్దవాళ్ల పాసులైనా చేతికి వచ్చాయా అంటే, రాలేదు. అక్కడ మళ్లీ కొన్నాం.

"జాస్పర్‌లో బస" అన్నది జాస్పర్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని హింటన్‌లో తేలింది. 2024 జూలై కార్చిచ్చులో జాస్పర్ పట్టణంలో మూడో వంతు దాకా కట్టడాలు కాలిపోయాయి, గదులు దొరక్కపోయి ఉండవచ్చు. ఆ మాట ముందే చెబితే అర్థం చేసుకునేవాళ్లమే. ఇరవై నాలుగు గంటలూ వాట్సాప్‌లో అందుబాటులో ఉంటామన్నారు గాని, ఆ దారిలో చాలా భాగం ఫోనుకు సిగ్నలే ఉండదు. పెట్రోలు కూడా మధ్యలో సస్కాచెవాన్ క్రాసింగ్ అనే ఒక్క చోటే. ఇది కూడా దారిలో తెలిసింది.

కొండలను తప్పు పట్టను. అథబాస్కా జలపాతం ఎత్తు 23 మీటర్లే అయినా, ఇరుకు రాతి సందులో దాని హోరు పక్కనున్న మనిషి మాట వినబడనివ్వలేదు. అథబాస్కా హిమానీనదం దగ్గర, ఏ ఏడాది మంచు ఎక్కడి దాకా ఉండేదో తెలిపే పలకలు పెట్టారు. ఒక్కొక్క పలకా దాటుతూ నడుస్తుంటే మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పూట మాత్రం ఏజెంటు మాకు గుర్తు రాలేదు.

తిరిగి వచ్చి అడిగితే "వాతావరణం మా చేతుల్లో లేదు సార్" అన్నాడు. మే నెలలో ఆ సరస్సులు గడ్డకట్టి ఉండటం వాతావరణం కాదు, క్యాలెండరు.

డబ్బు విషయంలో ఇది కూడా చూసుకోండి. విదేశీ టూరు ప్యాకేజీ అమ్మేవారు టీసీఎస్ (అమ్మేటప్పుడే కొనేవారి నుంచి తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేయాలి. మేము కట్టిన 2025 ఏప్రిల్‌లో పది లక్షల వరకు అది 5 శాతం. మా దగ్గర ప్యాకేజీ ధర మీద మరో 21,000 తీసుకున్నారు. ఆ డబ్బు మన పాన్ మీద జమైతే ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆగస్టు ముగిసినా మన పాన్ మీద జమైన పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో నాకు ఒక్క రూపాయి కనబడలేదు. అప్పుడు గుర్తొచ్చింది: వాళ్లు అసలు నా పాన్ నంబరే అడగలేదు. పాన్ అడగకుండా టీసీఎస్ అన్నారంటే అక్కడే ఆగిపోండి.

కొనేటప్పుడు "ఈ ఫోటో ఏ నెలలో తీసింది?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఫోనులో చెప్పినవేవీ నేను రాతలో తీసుకోలేదు, చేతిలో బ్రోచరు, ప్రయాణ కార్యక్రమం, బిల్లు మాత్రమే మిగిలాయి. హోటళ్ల పేర్లు డబ్బు కట్టకముందే ఇమ్మనండి, "జాస్పర్ ప్రాంతం" అంటే ఒప్పుకోకండి.

1915కు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. ఏజెంటు నుంచి పలుకు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు. కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అదే ఉగాది స్టాలులో మా అపార్ట్‌మెంటు నుంచి ఇంకో రెండు కుటుంబాలు కొన్నాయని విన్నాను. వారు నన్ను కలిస్తే కలిసే వేద్దాం.