కారు షెడ్డులో పనిగది: గోడకు ఏ తొడుగు మేలు?

అమెరికాలో చాలా గ్యారేజీల గోడలు చెక్క చట్రాల మీద నిలిచినవి కాబట్టి, వాటిని ఏదో ఒక పలకతో మూస్తుంటారు. మన కారు షెడ్డు గోడ ఇటుకతో కట్టి సిమెంటు పూత పూసినదే కనుక, తొడుగు అసలు కావాలా అన్నదే ఇక్కడ మొదటి ప్రశ్న. నాలుగైదు పనిముట్లున్న వారికి అక్కరలేదనే నా అభిప్రాయం. డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లగ్గు దిగ్గొట్టి, మర బిగిస్తే సరిపోతుంది. పనిముట్లు పెరిగి వాటి చోటు తరచు మారుతున్నప్పుడే, ప్రతి మార్పుకూ గోడకు తూటు పెట్టడం విసుగు పుట్టిస్తుంది.

ఆ ఇబ్బందికి ప్లైవుడ్‌ను మించిన మందు లేదు. 12 మిల్లీమీటర్ల పలక చేతి పనిముట్లను సులువుగా మోస్తుంది, బరువైన అరలకు 18 మిల్లీమీటర్లది తీసుకోవాలి. దానికి శత్రువులు చెమ్మా, చెదా. ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ఉన్న పలకలో జిగురు మరిగే నీటిని తట్టుకుంటుంది గాని, చెమ్మ ఎక్కే గోడకు దానినైనా నేరుగా అంటించరాదు; ముందుగా చెదమందు పూసిన రీపర్లను (సన్నని చెక్క పట్టీలను) నిలువుగా కొట్టి, వెనుక గాలి ఆడేటట్లు, అడుగు అంచు నేలను తాకకుండా బిగించాలి.

సిమెంటు ఫైబర్ బోర్డు నిప్పు అంటుకోదు, చెద పట్టదు. గ్రైండర్ రవ్వలు ఎగిరే మూలకు అది తగినది. అయితే పలుచని బోర్డులో మర గట్టిగా నిలవదు కనుక, బరువును వెనుకనున్న చట్రమే మోయాలి. కోసేటప్పుడు లేచే దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ఉంటుంది కాబట్టి, ఆ పని మాస్కు కట్టుకుని ఆరుబయట చేయాలి.

జిప్సమ్‌లో బరువుకు సుమారు 21 శాతం నీరు రసాయనికంగా బంధించి ఉండటం వల్ల జిప్సమ్ బోర్డు మంటను కొంతసేపు ఆపగలదు. కానీ కర్ర మొన తగిలితే సొట్ట పడుతుంది, చెమ్మ తగిలితే పైకాగితానికి బూజు పడుతుంది; వాన జల్లు కొట్టే షెడ్డులో దాని ఊసే వద్దు. పీవీసీ పలకలు కడగడానికి బాగుంటాయి, వేడికి మెత్తబడతాయి.

నేనైతే పనిబల్ల పైభాగాన చేయి అందే ఎత్తు వరకు మాత్రమే ప్లైవుడ్ వేయించి, గ్రైండర్ వైపు సిమెంటు పూతకు లేతరంగు ఎనామెల్ వేయించి వదిలేస్తాను. పలక బిగించకముందే స్విచ్ బోర్డుల చోటు తేల్చుకోవాలి; ఈ మాట వడ్రంగి అడగడు, ఎలక్ట్రీషియన్ ఆలస్యంగా అడుగుతాడు.