పిల్లికి ఇన్సులిన్ ఇచ్చేవాళ్లు జాగ్రత్త: ‘రెండూ ఒకటే మేడమ్’ అంటూ వేరే సిరంజీలు పంపుతున్నారు

షుగరున్న పిల్లికి సిరంజీలు, డైట్ ఫుడ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు దయచేసి ఇది ఒకసారి చదవండి. నేను ఆర్డర్ పెట్టింది ఒకటి, ఇంటికి వచ్చింది ఇంకొకటి. చూసుకోకుండా వాడాను. మా చిన్ని చావు దాకా వెళ్లి వచ్చింది. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు.

చిన్నికి 13 ఏళ్లు. మూడేళ్లుగా కిడ్నీ జబ్బు, ఏడాదిన్నరగా షుగరు, ఈమధ్యే బీపీ కూడా బయటపడింది. ఒకప్పుడు ఎత్తుకుంటే చెయ్యి లాగేది, ఇప్పుడు 3.6 కిలోలు. పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి ఇన్సులిన్. రోజూ ఒక బీపీ మాత్ర. రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్. ఇన్ని జబ్బులున్న పిల్లితో అసలు చిక్కు ఏంటంటే, ఒకదానికి మంచిది ఇంకోదానికి పడదు. షుగరుకి ప్రొటీన్ ఎక్కువ, కార్బోహైడ్రేట్ తక్కువ ఉండే తిండి మంచిది. కిడ్నీ డైట్‌లో ప్రొటీన్, ఫాస్ఫరస్ తగ్గించి ఉంటాయి. మా డాక్టరు గారు రెండిటినీ బేరీజు వేసి, కిడ్నీ డైట్ వైపే మొగ్గి, దానికి సరిపోయేలా ఇన్సులిన్ డోసు కట్టారు. ఒక యూనిట్. ఆ ఒక్క యూనిట్ వెనక మూడు నెలల పరీక్షలున్నాయి.

నిజానికి ఈ అమ్మకందారుతో నాకు ముందే ఒక సూచన అందింది. నేనే పట్టించుకోలేదు. ఒకసారి రీనల్ ఫుడ్ (అంటే కిడ్నీ డైట్) ఆర్డర్ పెడితే యూరినరీ ఫుడ్ పంపారు. అదే కంపెనీ, దాదాపు అదే రంగు బ్యాగు. అడిగితే ‘రెండూ కిడ్నీలకేగా మేడమ్’ అన్నారు. కాదు. యూరినరీ ఫుడ్ మూత్రంలో రాళ్లు, స్ఫటికాలు ఉన్న పిల్లుల కోసం. అందులో చాలావరకు మూత్రాన్ని ఆమ్లంగా మార్చే రకాలు, కొన్నిట్లో నీళ్లు బాగా తాగాలని ఉప్పు కూడా పెంచుతారు. కిడ్నీ చెడి, పైగా బీపీ ఉన్న పిల్లికి అది పెట్టకూడదు. అప్పుడు బ్యాగు వెనక్కి తీసుకున్నారు, నేనూ పోనీలే అనుకున్నాను. మళ్లీ వాళ్ల దగ్గరే కొన్నాను. డెలివరీ తొందరగా ఇస్తారని! ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

ఇక సిరంజీలు. మేం వాడేది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లుంటాయి. దానికి యు-100 సిరంజి కావాలి, మూత నారింజ రంగులో ఉంటుంది. పశువుల కోసం తయారయ్యే కొన్ని ఇన్సులిన్లలో మిల్లీలీటరుకి 40 యూనిట్లే ఉంటాయి. వాటికి యు-40 సిరంజి, ఎర్ర మూత. రెండూ చూడ్డానికి ఒకేలా సన్నగా ఉంటాయి, గీతలూ ఒకేలా ఉంటాయి. కానీ యు-40 సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా గ్లార్జిన్ లాగితే లోపలికి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు.

నేను యు-100 పెట్టాను, పేజీలో ఫోటో కూడా నారింజ మూతదే. వచ్చిన ప్యాకెట్లో ఎర్ర మూతవి ఉన్నాయి. పాత ప్యాకెట్ ముందురోజే అయిపోయింది. హాల్లో ట్యూబ్‌లైటు కింద ఎరుపూ నారింజా నాకు ఒకేలా కనిపించాయి. మూత ఊడదీసి పక్కన పడేశాక ఇక రంగు ఎవరు చూస్తారు? ఆ రాత్రి ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి ఇచ్చాను.

మధ్యాహ్నం తిండి గిన్నె చప్పుడుకి లేచింది కానీ, వెనక కాళ్లు తడబడి పక్కకి ఒరిగిపోయింది. మళ్లీ లేవబోయింది, మళ్లీ పడింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. చెవి అంచున సూది గుచ్చి మీటరులో పెడితే 38. అది పిల్లుల మీటరే, మనుషులది కాదు, కాబట్టి తక్కువ చూపిస్తోందిలే అనుకునే వీలు కూడా లేదు. గ్లూకోజ్ సిరప్ వేలితో చిగుళ్లకి రాస్తూనే ఆటో పిలవమని అరిచాను. (ఇలాంటప్పుడు నోట్లో పోయకండి, గొంతుకి అడ్డం పడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిగుళ్లకి రాయడమే.)

వెళ్తూ వెళ్తూ ఎందుకో చెత్తబుట్టలోంచి వాడిన సిరంజి తీసి డబ్బాలో వేసుకున్నాను. డాక్టరు గారు దాన్ని కిటికీ వైపు పట్టుకుని తిప్పి చూశారు. గీతల పక్కన చిన్న అక్షరాల్లో యు-40. ‘అమ్మా, ఇది మీ మందుది కాదు’ అన్నారు, అంతే. నాకు కాళ్లు వణికాయి.

మామూలు పిల్లి అయితే కొన్ని గంటల డ్రిప్‌తో తేరుకునేదేమో. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి వదిలించే పనిలో కిడ్నీలకి పెద్ద వాటా ఉంది. అవి చెడిపోతే ఆ మందు ఎక్కువసేపు నిలిచిపోతుంది. చిన్ని షుగరు పైకి వచ్చినట్టే వచ్చి మళ్లీ మళ్లీ పడిపోయింది. రెండు రాత్రులు డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) డ్రిప్ మీదే ఉంచారు.

అమ్మకందారుకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: ‘స్టాక్ లేక దగ్గరగా ఉన్నది పంపాం. రెండూ ఇన్సులిన్ సిరంజీలే మేడమ్, రెండూ ఒకటే.’ ప్యాకెట్ తెరిచారు కాబట్టి రిటర్న్ కుదరదన్నారు. మర్నాడు వాళ్లే ఫోన్ చేసి, నేను ఇచ్చిన ఒక స్టార్ రేటింగ్ తీసేస్తే కూపన్ ఇస్తామన్నారు. ఫోన్ పెట్టేశాను.

తప్పులో నా వాటా ఉంది, ఒప్పుకుంటాను. సిరంజి ఒంటి మీద నంబరు చదవడానికి ఒక్క క్షణం పట్టేది. ఇప్పుడు సీసా మీద నంబరు, సిరంజి మీద నంబరు రెండూ పైకి చదివాకే మందు లాగుతున్నాను, ఇంట్లో వాళ్లు నవ్వినా సరే. పార్శిల్ తెరిచేటప్పుడు వీడియో తీస్తున్నాను. స్టాక్ లేకపోతే ఆర్డర్ రద్దు చేయండి, బదులు పంపొద్దు అని ఆర్డర్‌లోనే రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యం, ఒక ప్యాకెట్ ఎప్పుడూ అదనంగా ఉంచుకుంటున్నాను. వచ్చిందే వాడక తప్పని పరిస్థితి ఆ రాత్రి నాకు వచ్చింది కాబట్టే ఇదంతా జరిగింది.

యు-40 ఇన్సులిన్ వాడేవాళ్లకి తిరకాసు ఇంకోలా ఉంటుంది. మీకు యు-100 సిరంజి వస్తే డోసు సగానికంటే తక్కువ వెళ్తుంది. పిల్లి పడిపోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. షుగరు దిగడం లేదని డోసు పెంచుతూ పోతారు, తర్వాత ఎప్పుడో సరైన సిరంజి వచ్చిన రోజు మా ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది. కొన్ని వారాలుగా కారణం తెలియకుండా షుగరు ఎక్కువగా ఉంటే, డోసు పెంచే ముందు ఒకసారి మీ సిరంజి చూసుకోండి.

చిన్ని ఇంటికొచ్చి 12 రోజులైంది. తింటోంది, కిటికీ మీదకి మాత్రం ఇంకా దూకడం లేదు, నేనే ఎత్తి కూర్చోబెడుతున్నాను. మిగిలిన ఎర్ర మూత సిరంజీలు కంప్లైంట్ కోసం కవరులో పెట్టి దాచాను. ఈ పొద్దున వాళ్ల పేజీ తెరిచి చూశాను. స్టాక్ ఉందనే రాసి ఉంది, ఫోటోలో ఇంకా నారింజ మూతే ఉంది.